పాత మొక్కజొన్న షెల్లర్‌కి ట్రాక్టర్ బెల్టు తగిలించే ముందు

కండెల నుంచి గింజలు ఒలిచే పాత షెల్లర్, కండెలు వేసే రంధ్రాలు రెండున్నది దొరికింది, జాన్ డీర్ మోడల్ ఎ ట్రాక్టర్ ఉంది, దాని పుల్లీ నుంచి నేరుగా బెల్టు వేయొచ్చా అని అడిగారు. నేరుగా వేయకండి. మధ్యలో ఒక జాక్ షాఫ్ట్, అంటే రెండు పుల్లీలు బిగించిన విడి ఇరుసు పెట్టి, వేగం తగ్గించి నడపండి.

నేను అయోవాలో ఉంటాను. పక్క పొలం పెద్దాయన కొట్టంలో ఇదే జత ఉంది. మొదటిసారి మేమూ నేరుగానే తగిలించాం. థ్రాటిల్ సగం కూడా తెరవకముందే షెల్లర్ కాళ్లు నేల మీద ఎగరడం మొదలైంది. గింజలు పగిలి నూకలా పడ్డాయి, కొన్ని కండెలు సగం గింజలతోనే అవతలికి వచ్చేశాయి. పెద్దాయన పరుగున వెళ్లి క్లచ్ లివర్ వెనక్కి లాగారు.

ఆ సాయంత్రం కూర్చుని లెక్క వేశాం. షెల్లర్ చేత్తో తిప్పడానికి చేసిన మిషన్. హ్యాండిల్ నిమిషానికి 45 చుట్లు తిప్పితే హాయిగా ఒలుస్తుంది. సుద్దముక్కతో గుర్తు పెట్టి చూస్తే, హ్యాండిల్ ఒక చుట్టుకి మా షెల్లర్ పుల్లీ ఆరు చుట్లు తిరిగింది. అంటే పుల్లీకి కావలసింది 270. ట్రాక్టర్ ఇంజిన్ పూర్తి వేగం నిమిషానికి 975 చుట్లు, అదే వేగంతో తిరిగే దాని పుల్లీ పన్నెండు ముప్పావు అంగుళాలు, షెల్లర్‌ది 12. నేరుగా వేస్తే వెయ్యి దాటుతుంది! జాక్ షాఫ్ట్ మీద ట్రాక్టర్ వైపు 24 అంగుళాల పుల్లీ, షెల్లర్ వైపు 6 అంగుళాల పుల్లీ పెట్టాం. ఇప్పుడు 260కి దగ్గరగా వస్తోంది. మీ షెల్లర్‌లో చుట్ల లెక్క వేరుగా ఉండొచ్చు, మీరే లెక్కపెట్టుకోండి.

గింజలు పగలడం కన్నా నన్ను భయపెట్టేది ఫ్లైవీల్, అంటే షెల్లర్‌కి ఉండే బరువైన చక్రం. అది పోత ఇనుము. వేగం రెండింతలైతే దాని మీద పడే ఒత్తిడి నాలుగింతలవుతుంది. కంటికి కనపడని చీలిక ఉంటే ముక్కలై ఎగిరిపోతుంది. చిన్న సుత్తితో అంచు చుట్టూ తట్టి చూడండి. గంటలా ఖంగుమనాలి. ఎక్కడైనా మొద్దుగా టక్కుమంటే ఆ చక్రాన్ని తిప్పొద్దు. బాగానే మోగినా నడిచేటప్పుడు దానికి ఎదురుగా, దాని వరుసలో ఎవరినీ నిలబడనివ్వకండి. చేతి హ్యాండిల్ తప్పకుండా పీకేయండి, లేకపోతే అదీ తిరుగుతుంది.

బెల్టు సంగతి ఊళ్లో పిండిమర చూసినవాళ్లకు కొత్త కాదు. పుల్లీ మధ్యలో కాస్త ఉబ్బుగా ఉంటుంది, రెండు పుల్లీలూ ఒకే వరుసలో ఉంటే బెల్టు తనంతట తానే మధ్యకి వస్తుంది. షెల్లర్ తిరగాల్సిన దిక్కు ఉల్టా అయితే బెల్టును ఎనిమిది అంకెలా మెలిపెట్టి వేయండి, పట్టు కూడా పెరుగుతుంది. ట్రాక్టర్‌ని మెల్లగా వెనక్కి జరిపి బిగువు తెచ్చాక చక్రాలకు అడ్డం పెట్టండి. మరీ బిగించొద్దు. లోపల రాయి ఇరుక్కుంటే బెల్టు జారాలి, అప్పుడే పళ్ల చక్రం బతుకుతుంది.

కండెలు వేయకుండా ముందు పది నిమిషాలు ఖాళీగా తిప్పి, ఆపి, బేరింగుల మీద చెయ్యి పెట్టి చూడండి. మాది ఒకటి చురుక్కుమంది. నూనె పోసే రంధ్రంలో కందిరీగ మట్టి గూడు కట్టి ఉంది. సన్నటి తీగతో పొడిచి తీశాక నూనె లోపలికి దిగింది.