పెరటి గుమ్మం

రాజమండ్రి,
ఆదివారం పొద్దున

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ, ఉత్తరం బుధవారం అందాయి. కథ ఒకసారి చదివాను, ఉత్తరం మూడుసార్లు. ఎందుకంటే మీ అమ్మ కథలో కంటే ఉత్తరంలోనే బాగా కనిపించింది. కథలో ఆవిడ త్యాగమూర్తి, అంతే. ఉత్తరంలో మాత్రం, ఆవిడ పనిచేసే ఇంట్లో టీ పోసివ్వడానికి ఒక స్టీలు గిన్నె వేరుగా ఉంటుందనీ, పెరటి గుమ్మం పక్క గూట్లో దాన్ని అమ్మే కడిగి బోర్లించి వస్తుందనీ రాశావు. ఆ గిన్నె కథలోకి ఎందుకు రాలేదు? “రాస్తే ఆఫీసులో అందరికీ మా ఇంటి సంగతి తెలిసిపోతుంది మేడమ్” అన్నావు. ఇంకోటి కూడా అన్నావు. కాల్ సెంటర్ షిఫ్టు అయ్యేసరికి ఒంట్లో ఓపిక ఉండదు, రాసే మూడ్ రాదు, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు అని.

ఈ రెండూ పడిన ఒకావిడ గురించి చెప్తాను. పేరు ఆక్టేవియా బట్లర్. అమెరికాలో సైన్స్ ఫిక్షన్ నవలలు రాసిన నల్లజాతి స్త్రీ. 1947లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో పుట్టింది. తండ్రి బూట్లు పాలిష్ చేసేవాడు, ఆమె చిన్నప్పుడే పోయాడు. తల్లి తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పనిమనిషి. ఆ తల్లికి చదువు కొద్ది ఏళ్ళకే ఆగిపోయింది. కానీ పనిచేసే ఇళ్ళల్లో పారేసే పుస్తకాలూ పత్రికలూ ఏరి కూతురి కోసం ఇంటికి మోసుకొచ్చేది. పిల్ల పొడుగరి, మహా సిగ్గరి. పైగా డిస్లెక్సియా, అక్షరాలు కుదురుగా నిలిచేవి కావు. పదేళ్ళ వయసులో టైప్‌రైటర్ కావాలని అడిగితే ఆ తల్లి కొనిచ్చింది. ఇల్లు గడవడమే కష్టమైన చోట టైప్‌రైటర్ అంటే ఏమిటో నీకు నేను చెప్పక్కర్లేదు.

పన్నెండేళ్ళప్పుడు టీవీలో అంగారకుడి నుంచి ఒక ఆడమనిషి దిగొచ్చే సినిమా చూసి, ఇంతకంటే మంచి కథ నేను రాయగలను అనుకుంది. రచయిత్రిని అవుతానంటే సొంత పిన్నమ్మే, నల్లవాళ్ళు రచయితలు కాలేరమ్మా అని చెప్పింది. ఆవిడ ప్రేమగానే చెప్పింది. నల్లవాళ్ళు రాసిన పుస్తకం అప్పటిదాకా ఆ పిల్ల కంట కూడా పడలేదు మరి.

ఇక నీ ఓపిక సంగతి. బట్లర్ గిన్నెలు తోమింది, ఫోన్లలో సరుకులు అమ్మింది, చిప్స్ ఫ్యాక్టరీలో మాడిన ముక్కలు ఏరే పని చేసింది. బుర్ర తినెయ్యని పనులు ఏరి మరీ పట్టుకుంది, బుర్ర కథకి కావాలి కాబట్టి. తెల్లవారుజామున రెండింటికి లేచి రాసుకుని తర్వాత డ్యూటీకి వెళ్ళేది. నేను నిన్ను రెండింటికి లేవమనడం లేదు, నీ ఆరోగ్యం నాకు ముఖ్యం. రోజులో ఏ అరగంటో, గంటో నీదని గట్టిగా పట్టుకో అంటున్నాను. ఉత్సాహం ఇవాళ ఉంటుంది, రేపు ఉండదు, అలవాటైతే రోజూ ఉంటుంది అని ఆవిడ కొత్తవాళ్ళకి చెప్పేది. నలభై ఏళ్ళుగా రాస్తున్నాను, నా అనుభవమూ అదే. మూడ్ కోసం కూర్చున్న రోజుల్లో నేను ఒక్క పేజీ రాయలేదు.

1970లో బట్లర్ క్లారియన్ అనే ఆరు వారాల రచయితల శిబిరానికి వెళ్ళింది. రెండు కథలు అమ్ముడుపోయాయి. దశ తిరిగిందనుకుంది. ఆ రెండిట్లో ఒకటి ఆమె బతికుండగా అచ్చే కాలేదు. ఆ తర్వాత ఐదేళ్ళు ఒక్క కథ కూడా ఎవరూ తీసుకోలేదు. మొదటి నవల ‘ప్యాటర్న్‌మాస్టర్’ 1976లో వచ్చింది. నీ కథ ఒక పత్రిక నుంచి ఐదు నెలల్లో తిరిగొచ్చిందని రాశావు. నాది ఒకటి, ఒకే వారపత్రిక నుంచి మూడుసార్లు తిరిగొచ్చింది. దాని గురించి ఇంతకంటే మాట్లాడుకోవలసింది లేదు.

అసలు మాట్లాడాల్సింది ఆమె తల్లి గురించి. చిన్నప్పుడు అప్పుడప్పుడు తల్లి వెంట పనికి వెళ్ళేది. తల్లి పెరటి గుమ్మంలోంచి లోపలికి వెళ్ళడం చూసింది. తల్లి ఎదుటే, ఆవిడ అక్కడ లేనట్టే, యజమానులు మాటలు విసరడం వింది. ఆవిడ వినీ విననట్టు పని చేసుకుపోయేది. పిల్లకి ఒళ్ళు మండిపోయింది. ఆ మనుషుల మీదే కాదు, తల్లి మీద కూడా. ఆ పనిని చూసి సిగ్గుపడింది. తర్వాత కాలేజీలో ఒక నల్లజాతి కుర్రాడు, మన పెద్దవాళ్ళు ఇలా తలొంచుకుని బతకబట్టే మనం వెనకబడ్డాం అని మండిపడుతుంటే ఆమెకి ఆ పెరటి గుమ్మం గుర్తొచ్చింది. అమ్మ ఆ మాటలన్నీ మింగింది కాబట్టే నేను కడుపునిండా తిన్నాను అని తెలిసింది. ఆ కుర్రాడికి చరిత్ర తెలుసు. ఒంటి మీద పడితే అది ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. ఆ ఒక్క ఆలోచన మీంచే 1979లో ‘కిండ్రెడ్’ నవల వచ్చింది.

అందులో డానా అనే నల్లజాతి అమ్మాయి 1976లో లాస్ ఏంజెలిస్ దగ్గర కొత్తింట్లో పుస్తకాలు సర్దుకుంటూ ఉన్నట్టుండి మేరీలాండ్‌లో, బానిసత్వం రోజుల్లో తేలుతుంది. అక్కడ ఒక యజమాని కొడుకు ప్రాణాపాయంలో పడ్డ ప్రతిసారీ ఆమెని లాక్కుంటాడు. అతన్ని ఆమె కాపాడుకోవాలి, ఎందుకంటే అతను ఆమెకే ముత్తాతల నాటి పూర్వీకుడు! మొదట బట్లర్ ఈ పాత్రని మగవాడిగా రాయబోయింది. కుదరలేదు. ఆ కాలంలో యజమాని కళ్ళల్లోకి సూటిగా చూసే నల్లజాతి మగవాడిని బతకనివ్వరు, కథ రెండో అధ్యాయానికే ఆగిపోతుంది. ఆడమనిషి అయితే అంత ప్రమాదం అనుకోరు, బతకనిస్తారు. ఈ మార్పు దగ్గర కాస్త ఆగి ఆలోచించు. పాత్ర ఎవరు అన్నది నీ ఇష్టం ఒక్కటే కాదు, కథ జరిగే చోటు కూడా ఒప్పుకోవాలి. బట్లర్ డబ్బులు లేకపోయినా బస్సెక్కి దేశం ఆ చివరున్న మేరీలాండ్‌కి వెళ్ళి ఆ నేల చూసొచ్చింది. నువ్వు ఊళ్ళు తిరగక్కర్లేదు. నీ మేరీలాండ్ మీ అమ్మ పనిచేసే ఇంటి పెరడు.

1995లో ఆమెకి, అమెరికాలో గొప్ప ప్రతిభ ఉన్నవాళ్ళకి డబ్బుతో సహా ఇచ్చే మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. సైన్స్ ఫిక్షన్ రచయితల్లో అది అందుకున్న మొదటి మనిషి. ఎన్నో ఏళ్ళ ముందే నోటుపుస్తకం అట్ట మీద, నా పుస్తకాలు లక్షలమంది చదువుతారు అన్న అర్థంలో తనకి తాను రాసిపెట్టుకుంది. 2006లో, 58 ఏళ్ళకే పోయింది. 1993లో వచ్చిన ఆమె నవల ‘పారబుల్ ఆఫ్ ది సోవర్’ న్యూయార్క్ టైమ్స్ బెస్ట్ సెల్లర్ల జాబితాలోకి 2020లో ఎక్కింది. చూసుకోవడానికి ఆమె లేదు. నాకు ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

నా సంగతి కూడా చెప్పాలి. మా నాన్న హోటల్లో సర్వరు. రాయడం మొదలుపెట్టాక ఇరవై ఏళ్ళ పాటు నా కథల్లో నాన్నలందరూ గుమాస్తాలే. ఒక్క నాన్న చేతికీ సాంబారు వాసన లేదు. ఆయన పోయాక రాశాను, ఆ వాసన గురించి. ఆయనకి చదివి వినిపించే అదృష్టం నాకు లేకపోయింది. మీ అమ్మ ఉంది.

కాబట్టి ఆ కథ మళ్ళీ రాయి. మొదటి రెండు పేజీలూ తీసెయ్. అమ్మ పెరటి గుమ్మంలోంచి లోపలికి అడుగు పెట్టడంతో మొదలుపెట్టు. ఆవిడ గొప్పదని ఎక్కడా చెప్పకు. యజమానురాల్ని రాక్షసిని చెయ్యకు, ఆవిడ ఆ గిన్నెలో టీ పోసేటప్పుడు ఏం మాట్లాడుతుందో అది రాయి. వచ్చే నెల పదో తారీఖు లోపల నాకు పంపు, ఎంత వస్తే అంత.

ఒకటి అడగడం మర్చిపోయాను. స్టీలు గిన్నెల మీద మనవాళ్ళు పేర్లు కొట్టిస్తారు కదా. ఆ గిన్నె మీద ఎవరి పేరుంది? అమ్మని అడిగి రాయి.

ఆశీస్సులతో,
మీ మేడమ్