నరుకో బొమ్మ కొనబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

సెలవుల్లో జపాన్‌లోని నరుకో వెళ్లి కొకెషి బొమ్మ, అదే చేతులూ కాళ్లూ లేని ఆ కర్రబొమ్మ, కొంటానని రాశావు. చదవగానే ప్రాణం లేచివచ్చింది. సెండాయ్‌లో పనిచేసిన రోజుల్లో ఆ ఊరికి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. అందుకే నాలుగు మాటలు.

సెండాయ్ స్టేషన్‌లోనే కొనేయకు. ఫురుకవా దాకా షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో వెళ్లి, అక్కడ చిన్న రైలు ఎక్కు. నరుకోలో దిగగానే గంధకం వాసన ముక్కుకు తగులుతుంది. ఆ వేడినీటి బుగ్గలే ఈ బొమ్మకు పుట్టిల్లు. కోతలయ్యాక ఒళ్లు నొప్పులు తీర్చుకోవడానికి వచ్చిన రైతులు తిరిగి వెళ్తూ పిల్లల కోసం వీటిని కొనుక్కుపోయేవారు. కర్రను తిప్పుతూ చెక్కే లేత్ మీద గిన్నెలు, పళ్లేలు చేసే పనివాళ్లే వీటినీ చేశారు. ఈశాన్య జపాన్‌లోని ఈ తోహొకు ప్రాంతంలో ఊరికో తీరు ఉంది. తోగత్త బొమ్మకు పెద్ద తల, దాని మీద నలువైపులా విచ్చుకున్న ఎర్ర గీతలు. త్సుచియు బొమ్మకు చిన్న తల, నడినెత్తిన వలయాలు. నరుకో బొమ్మకు వెడల్పాటి భుజాలు, కాస్త లోపలికి తీసిన నడుము, ఒంటి మీద చామంతులు.

నరుకో బొమ్మను గుర్తుపట్టడానికి కళ్లకంటే చెవులే ముఖ్యం. ఒక చేత్తో ఒంటిని పట్టుకుని, రెండో చేత్తో తలను మెల్లగా తిప్పు. కీచుమంటుంది. లేత్ మీద ఒళ్లు గిరగిర తిరుగుతుండగా తలను మెడ గుంటలోకి అదిమి దిగేస్తారు. రాపిడికి కర్ర వేడెక్కి తల లోపలికి దిగుతుంది, చల్లారాక ఊడిరాదు, కానీ తిరుగుతుంది. ఆ బిగువులోంచి వచ్చేదే ఆ చప్పుడు. పసిబిడ్డ ఏడుపులా ఉంటుందని అక్కడివాళ్లు అంటారు. దుకాణంవాళ్లను అడిగి, ఒక్కసారి తిప్పి వింటే చాలు.

ఆ తర్వాత ముఖం చూడు. నాలుగైదు బొమ్మలను నీ కంటి ఎత్తున వరసగా నిలబెట్టించుకో. ఒకే చేతి పనైనా ఏ రెండు ముఖాలూ ఒకేలా ఉండవు. సన్నని కుంచెతో గీసిన ఆ కంటిగీత వెంట్రుకవాసి కిందికి వాలితే చాలు, బొమ్మ మనసే మారిపోతుంది. తొందరపడకు. నీ చూపు మళ్లీ మళ్లీ దేని మీదికి వెళ్తుందో అదే నీ బొమ్మ. అడుగున చేసినవాళ్ల సంతకం ఉందేమో చూసుకో.

ధర ఎక్కువనిపిస్తే కర్రను తలుచుకో. మిజుకి అనే తెల్లని కర్రను బెరడు ఒలిచి నెలల తరబడి ఆరబెడితే గానీ లేత్ ఎక్కించరు. బేరమాడకు తల్లీ.

ఇంకో మాట. కొకెషి అంటే ‘బిడ్డను తుడిచేయడం’ అనీ, చనిపోయిన పసిపిల్లల గుర్తుగా చేసేవారనీ ఎవరైనా చెబితే నమ్మకు. పాత రాతల్లో దానికి ఆధారమే లేదు. ఒక్కో ఊళ్లో ఒక్కో పేరున్న ఈ బొమ్మలకు 1940లో అభిమానులూ పనివాళ్లూ నరుకోలో కూడి కొకెషి అన్న పేరును ఖాయం చేశారు. పిల్లల చేతికి ఇచ్చిన బొమ్మకు అలాంటి కథ అంటగడితే నాకు బాధేస్తుంది.

ఇంటికి తెచ్చాక ఎండ తగలనివ్వకు. నా మొదటి బొమ్మను కిటికీ గూట్లో పెట్టాను. రెండు వేసవులు గడిచేసరికి ముందువైపు చామంతులు వెలిసి పాత ఇటుక రంగుకు తిరిగాయి, వీపువైపు ఎరుపు మాత్రం కుంకుమలా అలాగే ఉంది. ఇప్పటికీ దాన్ని తిప్పి చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. తడిగుడ్డ అసలు తగలనివ్వకు, ఆ రంగు నీళ్లకు పాకుతుంది. పొడి మెత్తని గుడ్డ చాలు. అక్కడ భూమి తరచూ కంపిస్తుంది కాబట్టి కింది అరలోనే పెట్టు.

విశాఖకు తెచ్చేటప్పుడు పాత కాటన్ చీర ముక్కలో చుట్టు. ప్లాస్టిక్ సంచిలో బిగించి వదిలేస్తే మన సముద్రపు చెమ్మకు బూజు పడుతుంది. అమ్మ దాన్ని సంక్రాంతి బొమ్మల కొలువులో ఏటికొప్పాక లక్కపిడతల పక్కన పెడతానని ఇప్పటికే చోటు చూసి ఉంచింది. అవీ లేత్ మీద పుట్టినవే కదా.

కొన్న రోజు రాత్రి ఫోను చెయ్యి. తల తిప్పి ఆ చప్పుడు ఒకసారి వినిపించు.

నీ మామయ్య