కూల్ మోర్ ఎక్కబోతున్న మేనల్లుడికి

చిరంజీవికి ఆశీస్సులు.

జూన్‌లో కూల్ మోర్ ఎక్కుతానని నీవు రాసినది చదివి సంతోషించాను. స్కాట్లండ్ వాయవ్య మూలన, అల్లాపూల్ ఊరికి ఉత్తరంగా దాదాపు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ కొండ ఎత్తు 849 మీటర్లే కావడం వల్ల, 914 మీటర్లు దాటిన మన్రో శిఖరాల లెక్క పూర్తి చేయాలనుకునేవారు అంతగా ఇటు రారు. దారిలో నీకు మనిషి తగలకపోవచ్చు. ఫోన్‌కు సిగ్నల్ అందకపోవచ్చు. అక్కడి అత్యవసర సహాయ నంబరు 999కి సందేశం పంపే వీలు కోసం ఇంటి దగ్గరే పేరు నమోదు చేసుకో.

బయలుదేరే ముందు పక్కనే ఉన్న నాకన్ క్రాగ్ అనే కొండచరియ దగ్గర అరగంట గడుపు. పాత రాయి తనకంటే ఎంతో తరువాత ఏర్పడిన రాయి మీదికి ఎక్కి కూర్చున్న చోటును అక్కడ చేత్తో తాకి చూడవచ్చు.

మొదట కాలిబాట స్పష్టంగానే ఉంటుంది. తరువాత అది చెదిరిపోయి, పేర్చిన రాళ్ల కుప్పలే ఆనవాళ్లుగా మిగులుతాయి. ఒక కుప్ప దగ్గర నిలబడితే తరువాతిది కనిపించని పక్షంలో, పటం, దిక్సూచి చూడకుండా అడుగు ముందుకు వేయవద్దు.

అసలు కష్టం పైభాగంలో ఉంది. కింది ఇసుకరాయి గరుకుగా ఉండి బూటును పట్టి నిలుపుతుంది గాని, పైనున్న బూడిదరంగు క్వార్ట్‌జైట్ బండలు తడిస్తే సబ్బు రాసినట్టు జారుతాయి. బూటు మొనతో రాయిని నొక్కి చూడు. అది ‘టక్’మని కింది రాయిని తాకిందంటే దానిపై బరువు మోపకు. చేతికర్రలు సందుల్లో ఇరుక్కొని మనిషిని పడదోస్తాయి కనుక వాటిని అక్కడ మడిచి సంచిలో పెట్టుకో. ఈ రాళ్లలో దిగడానికీ ఎక్కినంత సమయం పడుతుందని లెక్క వేసుకో.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఒకసారి నేను శిఖరం మీద టీ తాగుతున్న పావుగంటలోనే సముద్రం వైపు నుంచి మబ్బు కమ్మి, నాలుగడుగుల అవతల ఏమీ కనిపించలేదు. తిరుగుదారి ఏ దిక్కో రాసి పెట్టుకోలేదు. నేల సులువుగా తోచిన వైపు నడిచాను. కింద నుంచి పైకి తన్నుకొచ్చిన గాలి ముఖానికి కొట్టినప్పుడే ముందు నేల లేదని, పడమటి అంచుకు వచ్చానని తెలిసింది. మబ్బు విడిచేదాకా గంటకు పైగా వణుకుతూ అక్కడే కూర్చున్నాను. శిఖరం చేరగానే, ఫొటోలు తీయకముందే, వచ్చిన దిక్కును డిగ్రీలలో కాగితం మీద రాసుకో. మబ్బు ఎక్కేటప్పుడే దిగివస్తే అక్కడి నుంచే వెనుదిరుగు.

ఉత్తరాన సూల్వెన్ కొండ, పడమట సియోనస్కైగ్ సరస్సు కనిపించే రోజు నీకు దొరకాలని నా కోరిక. గాలి ఆగితే మిడ్జ్ అనే కుట్టే చిన్న పురుగులు ముసురుతాయి, తలకు వల ఉంచుకో. పోను రాను 5 గంటలకు తగ్గదు. బయలుదేరే గంట, తిరిగి రావలసిన గంట నాకు ముందుగా రాయి; దిగి రోడ్డు చేరాక, సిగ్నల్ అందిన మొదటి చోటు నుంచే నాకు ఫోన్ చేయి. అంతవరకు మేలుకొనే ఉంటాను.

ఇట్లు
మీ మామయ్య