షాపు కెమెరాలకు పాత కంప్యూటరా, విడి డీవీఆరా?

వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర మిర్చి ఆడ్తి (కమీషన్) షాపు, వెనకాలే గోదాం, ఆరు కెమెరాలు పెట్టాలి, ఇంట్లో పాత ఐ5 కంప్యూటర్ ఖాళీగా ఉంది, దాంట్లో సాఫ్ట్‌వేర్ వేసుకుంటే డీవీఆర్ ఖర్చు మిగులుతుంది కదా అని అడిగారు. మిగలదన్నా. షాపుకు డీవీఆర్ లాంటి విడి రికార్డరే, అంటే కెమెరాల వీడియోను దాచే డబ్బానే కొనండి. ఎందుకో చెప్తాను. కంప్యూటర్ ఎక్కడ నిజంగా మేలో కూడా చెప్తాను.

నేను హనుమకొండలో కంప్యూటర్ సర్వీసు చేస్తాను. కెమెరాల పని దాంతోపాటే వచ్చింది. మొదట్లో రికార్డింగ్ అంటే కంప్యూటరే. మదర్‌బోర్డు పీసీఐ స్లాటులో నాలుగు కెమెరాల కార్డు గుచ్చేవాళ్లం, బొమ్మ 352×288 పిక్సెళ్లలో వచ్చేది. మనిషి వచ్చాడని తెలిసేది, ఎవరో తెలిసేది కాదు. తర్వాత ఆ కార్డుల డ్రైవర్లు కొత్త విండోస్‌లో పని చేయలేదు, ఆ స్లాట్లు కొత్త బోర్డుల్లో లేకుండా పోయాయి. ఇప్పుడు కంప్యూటర్ రికార్డింగ్ అంటే ఐపీ కెమెరాల నుంచి నెట్‌వర్క్ కేబుల్ మీద వచ్చే వీడియోను ఒక సాఫ్ట్‌వేర్ పట్టుకుని డిస్కులో దాచడం. బ్లూ ఐరిస్, ఏజెంట్ డీవీఆర్, జోన్‌మైండర్, ఫ్రిగేట్ లాంటివి ఉన్నాయి. మా ఇంట్లో నేను ఫ్రిగేట్ వాడుతున్నాను, మానే ఉద్దేశం లేదు. అయినా కస్టమర్ షాపులో పెట్టమంటే పెట్టను.

కంప్యూటర్‌లో అయితే బొమ్మ క్లియర్‌గా వస్తుందని చాలామంది అనుకుంటారు. ఐపీ కెమెరా అయితే వీడియోను తనే కుదించి పంపుతుంది, అటు డబ్బా అయినా ఇటు కంప్యూటర్ అయినా వచ్చింది వచ్చినట్టు రాసుకోవడమే. బొమ్మ బాగుండాలంటే లెన్స్, సెన్సర్, కెమెరా ఎంత ఎత్తులో ఉంది, వెలుతురు ఎటు నుంచి పడుతోంది అన్నవి చూడాలి. మీ కాంటా మీద అంకెలు చదవాలంటే ఆ అంకెలకు ఎదురుగా, దగ్గరగా ఒక కెమెరా విడిగా పెట్టాలి. మూలన పైకప్పు కింద పెట్టినదాన్ని ఎంత జూమ్ చేసినా ఎర్రటి మరకే కనిపిస్తుంది. రికార్డర్ వల్ల బొమ్మ పాడయ్యే సందర్భం ఒకటుంది. అనలాగ్ కెమెరాలకు (వీడియోను తాము కుదించకుండా వైరు మీద రికార్డరుకే పంపేవి) వాడే చవక డీవీఆర్‌లలో కొన్ని పెట్టె మీద 1080 అని రాసి, లోపల 1080ఎన్‌లో రికార్డు చేస్తాయి. అంటే 1920కి బదులు 960 పిక్సెళ్ల వెడల్పే. లైవ్ చూస్తే బాగుంటుంది, ప్లేబ్యాక్‌లో మొహం చెదిరిపోతుంది. కొనే ముందు అన్ని ఛానెళ్లలో (ఒక్కో కెమెరాకు ఒకటి) పూర్తి 1080పీ రికార్డింగ్ ఉందా, సెకనుకు ఎన్ని ఫ్రేములు అని అడగండి.

ఇక అసలు సంగతి. ఫుటేజీ అవసరం పడినప్పుడు దాన్ని తీసేది ఎవరు? ఆడ్తి షాపులో దొంగతనం కోసం కెమెరా చూసేది ఎప్పుడో ఒకసారి. రోజూ వచ్చే పంచాయితీ బస్తాల లెక్కది. రైతు నలభై రెండు దించానంటాడు, తక్ పట్టీలో, అంటే సరుకు లెక్క చీటీలో నలభై ఒకటే ఉంటుంది, హమాలీలు మాకేం తెల్వదంటారు. మీరు ఆ రోజు ఏ పెళ్లికో కరీంనగర్ పోయి ఉంటారు. అక్కడ ఉన్నది మీ గుమస్తా. డీవీఆర్ అయితే మౌస్ కుడి బటన్, ప్లేబ్యాక్, తేదీ, కెమెరా నంబరు, అంతే. ఒకసారి చూపిస్తే ఎవరైనా నేర్చుకుంటారు, పెన్‌డ్రైవ్‌లోకి కూడా తీస్తారు. కంప్యూటర్ అయితే ముందు విండోస్ పాస్‌వర్డ్, తర్వాత సాఫ్ట్‌వేర్ లాగిన్, ఆ పైన అప్‌డేట్ అవుతోంది ఆగండి అన్న తెర. గుమస్తా మీకు ఫోన్, మీరు నాకు ఫోన్. నేను ఫోన్‌లో 'ఎడమ పక్క మెనూ కనిపిస్తోందా' అని అడుగుతుంటే, అక్కడ రైతు 'కావాలనే చూపిస్తలేరు' అని కేకలేస్తుంటాడు. ఇలాంటి ఫోన్లు నాకు కంప్యూటర్ పెట్టుకున్న చోట్ల నుంచే ఎక్కువ వచ్చాయి.

పాత కంప్యూటర్ అంటున్నారు కాబట్టి ఇంకో అనుమానం. అది నిజంగా ఖాళీగానే ఉంటుందా? కౌంటర్ మీద కంప్యూటర్ కనిపిస్తే దాంట్లో ట్యాలీ వస్తుంది, ప్రింటర్ తగిలిస్తారు, ఎవరో పెన్‌డ్రైవ్ గుచ్చి పాటలు ఎక్కిస్తారు. ఒక వైరస్ వచ్చిందంటే లెక్కలూ పోతాయి, రికార్డింగూ పోతుంది. పైగా ఐ5లో పాత తరాలవి విండోస్ 11కు అధికారికంగా పనికిరావు, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇరవై నాలుగు గంటలూ నెట్‌కు తగిలించి ఉంచే యంత్రానికి ఇది చిన్న విషయం కాదు.

కరెంటు లెక్క చూడండి. ఆరు కెమెరాలు నడుపుతున్న పాత డెస్క్‌టాప్ 80 వాట్లు లాగుతుందనుకుందాం. రోజుకు దాదాపు 1.9 యూనిట్లు, నెలకు 57. డీవీఆర్, దాని డిస్కు కలిపి 20 వాట్లు అనుకుంటే నెలకు 14. తేడా 43 యూనిట్లు. యూనిట్ 9 రూపాయలని వేసుకున్నా ఏడాదికి నాలుగున్నర వేల పైనే. మిగులుతుందనుకున్న డబ్బు అక్కడే పోతోంది.

కరెంటు పోయి వచ్చినప్పుడు డీవీఆర్ దానంతట అదే లేచి రికార్డింగ్ మొదలుపెడుతుంది. కంప్యూటర్‌కు బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) ఆ సెట్టింగ్ పెట్టాలి, విండోస్ తనే లాగిన్ అయ్యేలా చేయాలి, సాఫ్ట్‌వేర్ తనే మొదలయ్యేలా చూడాలి. అన్నీ చేసినా మధ్యలో ఏదో ఒక ఎర్రర్ బాక్స్ ఓకే నొక్కమని కూర్చుంటుంది, అది పది రోజుల తర్వాత గానీ ఎవరికీ తెలియదు. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేస్తే మన దగ్గర కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో మీకు చెప్పేదేముంది. సరిగ్గా అప్పుడే మీకు మిర్చి సీజన్. అన్నట్టు, మిర్చి ఘాటు మనుషులకే కాదు. మార్కెట్ పక్కన నడిచిన సీపీయూ మూత విప్పితే ఫ్యాన్ రెక్కల మీద ఎర్రటి పొడి పేరుకుని ఉంటుంది, దులిపేవాడికి తుమ్ములు ఆగవు. చిన్న డీవీఆర్‌లలో చాలావాటికి ఫ్యాన్ ఉండదు, ఉన్నా చిన్నది. దుమ్ము అంతగా లోపలికి లాగదు.

డిస్కు విషయం మాత్రం రెండింటికీ ఒకటే, మన వాళ్లు ఎక్కువగా కక్కుర్తి పడేదీ ఇక్కడే. 1080పీ కెమెరాకు హెచ్.265లో (వీడియోను కుదించే కొత్త పద్ధతి) సెకనుకు 2 మెగాబిట్లు పెడితే రోజుకు 21.6 జీబీ. ఆరు కెమెరాలకు దాదాపు 130 జీబీ. 4 టీబీ డిస్కు సరిగ్గా నెల రోజులకు వస్తుంది. పాత హెచ్.264లో 4 మెగాబిట్లు పెడితే అదే డిస్కు పదిహేను రోజులకే నిండి, పాతది చెరిపి కొత్తది రాయడం మొదలుపెడుతుంది. ఫిట్టర్ 1 టీబీ చాలు అన్నాడంటే, ఎన్ని రోజులకు చాలు అని అడగండి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన పబ్లిక్ సేఫ్టీ చట్టం ఒకేసారి వంద మంది గానీ రోజుకు ఐదు వందల మంది గానీ వచ్చే చోట్ల కెమెరాలు ఉండాలని, ఫుటేజీ 30 రోజులు దాచాలని చెప్తుంది. మీ షాపుకు అంత రద్దీ లేకపోయినా ఆ ముప్పై రోజుల లెక్కే పెట్టుకోండి. బస్తాల తగాదా ఒక్కోసారి పట్టీ చేతికొచ్చిన రెండు వారాలకు గానీ బయటపడదు.

డిస్కు రకం కూడా చూడాలి. డెస్క్‌టాప్ డిస్కులకు కంపెనీలు ఏడాదికి 55 టీబీ వరకు పని అని లెక్క ఇస్తాయి. నిఘా కెమెరాల కోసం చేసిన డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ లాంటివాటికి 180 టీబీ. మీ ఆరు కెమెరాలు 4 మెగాబిట్ల మీద నడిస్తే ఏడాదికి 94 టీబీ రాస్తాయి. పాత కంప్యూటర్‌లో ఉన్న డిస్కుతోనే నడిపిద్దాం అనుకుంటే అది ఎన్నాళ్లు ఓర్చుకుంటుందో చూసుకోండి.

పోలీసుల సంగతి ఎవరూ ముందు ఆలోచించరు. ఏదైనా కేసు అయితే వాళ్లకు ఫుటేజీ కావాలి, అవసరమనుకుంటే రికార్డరునే పట్టుకుపోతారు. డీవీఆర్ పోతే ఇంకోటి తెచ్చి తగిలించుకోవచ్చు. మీ ట్యాలీ ఉన్న కంప్యూటర్ పోతే సీజన్‌లో షాపు మూసుకోవాల్సిందే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి రికార్డుకు హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే కోడు) సహా సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ ఫారంలో ఏ పరికరం అన్న చోట డీవీఆర్ అని విడిగా గడి కూడా ఉంది. అప్పుడు గడియారం తప్పు ఉంటే తలనొప్పి. టైమ్ నెట్ నుంచి తీసుకునేలా పెట్టించి, నెలకోసారి ఫోన్‌తో సరిచూడండి.

మరి కంప్యూటర్ ఎవరికి? కెమెరాలు ముప్పై నలభై ఉండి, చూసుకోవడానికి జీతం మనిషి ఉన్న చోట. లేదా నాలాగ దాంతో ఆడుకోవడం ఇష్టమైనవాళ్లకు. ఫ్రిగేట్ మనిషిని, కుక్కను, బండిని వేరుగా గుర్తుపడుతుంది. చెట్టు కొమ్మ ఊగినందుకు అర్ధరాత్రి ఫోన్ మోగించదు. వేర్వేరు కంపెనీల కెమెరాలు కలుపుకోవచ్చు, డిస్కులు ఎన్నైనా పెంచుకోవచ్చు. డీవీఆర్‌లో ఎనిమిది ఛానెళ్లంటే ఎనిమిదే. చిన్నవాటిలో డిస్కుకు ఒకటే స్లాటు. అయితే ఫోన్‌లో చూసుకోవడం డీవీఆర్‌కు క్యూఆర్ స్కాన్ చేస్తే అయిపోతుంది. కంప్యూటర్‌కు మన బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో చాలావాటికి బయటి నుంచి నేరుగా చేరుకునే సొంత అడ్రసు, అంటే పబ్లిక్ ఐపీ ఉండదు కాబట్టి వీపీఎన్ లాంటిది ఏదో కట్టాలి.

మీ ఐ5ను పారేయమనట్లేదు. రికార్డింగ్ డీవీఆర్ చేస్తుంటే, ఈ కంప్యూటర్‌లో ఆ కంపెనీ ఇచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి పెద్ద తెర మీద ఆరు కెమెరాలూ చూసుకోవచ్చు. అది ఆగిపోయినా రికార్డింగ్ ఆగదు.

పెట్టే చోటు గురించి ఒక మాట. కౌంటర్ కింద నేల మీద వద్దు. 2023 జూలై చివరి వానలకు హంటర్ రోడ్డు, నయీంనగర్ వైపు నీళ్లొచ్చినప్పుడు సర్వీసుకు వచ్చిన డీవీఆర్‌లన్నీ అలా కింద పెట్టినవే. గోడకు తల ఎత్తున, తాళం వేసే గదిలో, గాలి ఆడే చోట పెట్టండి. దొంగ కూడా ముందు వెతికేది దాన్నే. చిన్న యూపీఎస్ తగిలించండి, అది రికార్డరుకే కాదు, కెమెరాలకు కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్‌కు కూడా ఉండాలి. కరెంటు పోయాక రికార్డర్ మేల్కొని, కెమెరాలు నిద్రపోతే లాభం లేదు.

పాస్‌వర్డ్ మీరే పెట్టుకోండి, ఫిట్టర్ పెట్టినది వెళ్లేముందే మార్పించండి. 2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచమంతా లక్షల కెమెరాలను, డీవీఆర్‌లను పట్టుకున్నది ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు అలాగే వదిలేసినందుకే. ఫిట్టర్ ఫోన్ ఎత్తకపోతే మీ డీవీఆర్ మీకే తెరుచుకోని పరిస్థితి మన ఊళ్లో మామూలే.

ఇక డీవీఆరా, ఎన్వీఆరా (ఐపీ కెమెరాలకు వాడే రికార్డర్) అన్నది మీ వైరును బట్టి. గోదాంలో ఇప్పటికే అనలాగ్ కెమెరాలకు వాడే 3+1 కేబుల్ లాగి ఉంటే అనలాగ్ హెచ్‌డీ కెమెరాలు, ఎనిమిది ఛానెళ్ల డీవీఆర్ సరిపోతాయి. అనలాగ్‌తోపాటు కొన్ని ఐపీ కెమెరాలు కూడా తీసుకునే రకం దొరుకుతుంది, అదే తీసుకోండి. కొత్తగా లాగాలంటే క్యాట్ 6 వేయించి, ఐపీ కెమెరాలు, పీఓఈ ఉన్న ఎన్వీఆర్ పెట్టండి. ఒకే కేబుల్‌లో కరెంటు, వీడియో రెండూ పోతాయి. కానీ ఆ కేబుల్ ఒక్క లాగుడులో వంద మీటర్లు దాటకూడదు. కెమెరా, రికార్డర్ రెండూ ఓఎన్‌విఐఎఫ్ (వేర్వేరు కంపెనీలవి కలిసి పనిచేయడానికి పెట్టుకున్న ప్రమాణం) అని రాసి ఉన్నవి కొంటే రేపు ఒకటి పోయినా వేరే కంపెనీది పెట్టుకోవచ్చు.

గోదాం చివరి కెమెరాకు షాపు నుంచి ఎంత దూరం, ఇప్పుడున్న వైరు ఏది, ఈ రెండూ రాయండి. ఎన్ని కెమెరాలకు ఏ కేబుల్ ఎన్ని మీటర్లు పడుతుందో లెక్క వేసి చెప్తాను.