చంద్రుడి మీది పర్వతాల ఎత్తును ఎక్కడి నుంచి, ఎలా కొలుస్తారు?

చంద్రుడి మీద సముద్రమే లేనప్పుడు అక్కడి పర్వతాల ఎత్తును దేని నుంచి లెక్కిస్తారు, ఇంత దూరం నుంచి ఎలా కొలుస్తారు అన్నది మీ ప్రశ్న. కొలిచే పద్ధతిని బట్టే ఆ ‘ఎక్కడి నుంచి’ అన్నది మారుతుంది కాబట్టి రెండింటికీ కలిపి సమాధానం రాస్తున్నాను.

తార్నాకలో మా డాబా మీద ఆరు అంగుళాల టెలిస్కోపుతో నేను తరచుగా చూసేది పీకో అనే ఒంటరి పర్వతాన్ని. ఇది ఇంబ్రియం మైదానంలో, ప్లేటో అనే పెద్ద బిలానికి దక్షిణాన ఉంటుంది. శుక్ల అష్టమి దాటిన ఒకటి రెండు రాత్రుల్లో అక్కడ సూర్యోదయ సమయం గనుక దాని నీడ పడమటికి సూదిలా సాగి కనిపిస్తుంది. (నగరపు దీపాలు చంద్రుణ్ణి చూడడానికి అడ్డు కావు, పగలంతా కాగిన స్లాబు నుంచి లేచే వేడిగాలికే బొమ్మ వణుకుతుంది.) ఐపీస్‌కు ఫోను ఆనించి తీసిన ఫొటోలో ప్లేటో తూర్పు పడమరల వెడల్పును, అంటే సుమారు 100 కిలోమీటర్లను, కొలబద్దగా పెట్టుకుంటే నీడ పొడవు తెలుస్తుంది. ఆ సమయానికి అక్కడ సూర్యుడు క్షితిజానికి 10 డిగ్రీల ఎత్తున ఉండి, నీడ 13.6 కిలోమీటర్లు ఉంటే, పర్వతం ఎత్తు సుమారు 2.4 కిలోమీటర్లు అవుతుంది. నీడను ఒక కిలోమీటరు తప్పుగా చదివితే ఎత్తులో 176 మీటర్ల తేడా వస్తుంది, ఇంటి కొలతకు అది పెద్ద తప్పేమీ కాదు. అంత పొడవైన నీడను చూసి పర్వతం కూడా సూదిలా ఉంటుందనుకోకూడదు; దాని అడుగుభాగం ఎత్తుకు ఎన్నో రెట్లు వెడల్పు.

గెలీలియో 1610లో ప్రచురించిన పద్ధతి వేరు. చీకటి భాగంలో ఒంటరిగా మెరిసే శిఖరం వెలుగు అంచుకు ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరపు వర్గాన్ని చంద్రుడి వ్యాసంతో భాగిస్తే ఎత్తు వస్తుంది. 100 కిలోమీటర్ల దూరానికి ఇది దాదాపు 2.9 కిలోమీటర్లు.

నీడ ఇచ్చే ఎత్తు అది పడిన నేల నుంచి మాత్రమే. లేజర్ లెక్క అలా కాదు. 1971లో అపోలో 15, 2008లో మన చంద్రయాన్-1 లేజర్ పరికరాలను మోసుకెళ్లాయి. 2009లో వెళ్లిన లూనార్ రికనైసెన్స్ ఆర్బిటర్ సెకనుకు 28 సార్లు లేజర్ కాంతిని పంపి, అది తిరిగివచ్చే సమయాన్ని బట్టి నేల దూరాన్ని కొలిచింది. ఈ కొలతలను 1737.4 కిలోమీటర్ల వ్యాసార్ధం గల ఊహాగోళంతో పోల్చి చెబుతారు. ఇంబ్రియం మైదానం చాలా వరకు ఆ గోళం కంటే రెండు కిలోమీటర్లకు పైగా దిగువన ఉంది కాబట్టి పీకో ఎత్తు ఈ లెక్కలో బాగా తగ్గిపోతుంది. మీకు వేర్వేరు చోట్ల వేర్వేరు అంకెలు కనిపించడానికి కారణం ఇదే.

ఆ గోళం నుంచి 10,786 మీటర్ల ఎత్తున ఉన్న అత్యున్నత స్థానం భూమికి కనిపించని వైపున ఉంది. నెమ్మదిగా ఎగువకు సాగే ఆ నేల పర్వతంలా కనిపించదు గనుక, ‘ఎవరెస్టును మించిన శిఖరం’ అని రాయడం నాకు సరైన పోలికగా తోచదు.