బీట్‌రూట్ రసం పులియబెడితే యాంటీఆక్సిడెంట్లు పెరుగుతాయా?

మీరు రెండు విషయాలు అడిగారు. బీట్‌రూట్ రసం పులిస్తే యాంటీఆక్సిడెంట్లు పెరుగుతాయా? అందుకోసం ప్రోబయోటిక్ (మేలు చేసే సూక్ష్మజీవులుండే) క్యాప్సూల్ విప్పి కలపొచ్చా? మొదటిదానికి జవాబు: కొన్ని పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి.

ఢిల్లీలో ఉన్నప్పుడు పక్కింటి పంజాబీ ఆంటీ దగ్గర కాంజీ అనే పులియబెట్టిన పానీయం నేర్చుకున్నాను. అక్కడ చలికాలంలో నల్ల క్యారెట్ ముక్కల్ని, ఆవపిండిని ఉప్పునీళ్లలో వేసి ఎండలో పెడతారు. హైదరాబాద్ వచ్చాక ఆ క్యారెట్లు దొరక్క బీట్‌రూట్‌తో చేస్తున్నాను. ఈ రెండిటికీ తేడా రంగులోనే తెలుస్తుంది. నల్ల క్యారెట్‌లో ఉండే ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలకు పులుపు పడుతుంది, పులిసేకొద్దీ ఎర్రగా నిగనిగలాడతాయి. బీట్‌రూట్ ఎరుపు వేరే జాతిది, బీటాలెయిన్లు. దాని యాంటీఆక్సిడెంట్లలో ముఖ్యమైనవీ ఇవే. వాటికి వేడి, వెలుతురు, గాలి మూడూ పడవు. పైగా కొన్ని బ్యాక్టీరియా ఎంజైములు ఆ రంగు అణువుకు అంటుకున్న చక్కెరను విడదీస్తాయి. అప్పుడది త్వరగా పాడవుతుంది. రసం గోధుమ రంగుకు తిరిగిందంటే వాటిలో చాలా భాగం పోయినట్టే. అందుకే బీట్‌రూట్ జాడీని నీడలోనే ఉంచుతాను.

పెరిగేవి కూడా ఉన్నాయి. కూరగాయల్ని పులియబెట్టే ముఖ్యమైన బ్యాక్టీరియా లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్. కొన్ని టానిన్లను (వగరు పదార్థాలను) విడగొట్టి గాలిక్ ఆమ్లం లాంటి చిన్న ఫినాల్స్‌గా మార్చే శక్తి దానికి ఉంది. ఇవీ యాంటీఆక్సిడెంట్లే. అందువల్ల ల్యాబ్ పరీక్షలో అంకె పెరగొచ్చు. కానీ ఆ అంకె చూసి మురిసిపోకండి. ఆహారాల యాంటీఆక్సిడెంట్ విలువలతో అమెరికా వ్యవసాయ శాఖ పెట్టిన ఒరాక్ పట్టికను, పరీక్షనాళికలో వచ్చే విలువలు ఒంట్లో జరిగేదాన్ని చెప్పవని 2012లో వాళ్లే తీసేశారు. నేను తాగేది రుచి కోసం, అందులో బతికి ఉండే బ్యాక్టీరియా కోసం.

క్యాప్సూల్ అక్కర్లేదు. చాలావాటిలో ఉండేవి కూరగాయల్ని పులియబెట్టే రకాలు కావు. సాకరోమైసిస్ బౌలార్డి ఉన్నదైతే అది ఈస్ట్, రసం పులిసే బదులు సారా వాసన కొడుతుంది. పోనీ పెరుగు తేట కలుపుదామన్నా, దాని బ్యాక్టీరియా పాలకు అలవాటుపడింది. కావలసినవి బీట్‌రూట్ తొక్క మీదే ఉంటాయి కాబట్టి బాగా కడగండి గానీ తొక్క పూర్తిగా చెక్కేయకండి.

ఇంట్లో అయితే రసం కంటే ముక్కలే నయం. రసంలో చక్కెరంతా ఒక్కసారి అందుబాటులోకి వచ్చి ఈస్ట్ చెలరేగుతుంది, గాలి కూడా ఎక్కువ కలుస్తుంది. లీటరు నీళ్లకు 20 గ్రాముల ఉప్పు, రెండు చెంచాల ఆవపిండి, ముక్కలు పూర్తిగా మునగాలి. మన ఎండాకాలంలో రెండు రోజులు చాలు, చలికాలంలో నాలుగైదు పట్టొచ్చు. పుల్లబడగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి. పులుపును కొలిచే పీహెచ్ స్ట్రిప్ ముంచి చూస్తే 4 కంటే తక్కువ రావాలి. 4.6 దాటి ఉంటే బొటులిజం అనే ప్రమాదకరమైన ఆహార విషాన్ని తెచ్చే బ్యాక్టీరియాకు అవకాశం ఇచ్చినట్టే. పైన బూజు కనిపిస్తే జాడీ మొత్తం పారబోయండి.

ఒక చిన్న గ్లాసులో, అంటే 100 మిల్లీలీటర్లలో, రెండు గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది. రోజంతటికీ 5 గ్రాముల లోపే ఉండాలని డబ్ల్యూహెచ్‌ఓ చెబుతోంది కదా, బీపీ ఉన్నవాళ్లు అది లెక్కలో పెట్టుకోవాలి. బీట్‌రూట్‌లో ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టండి. ముక్కల్ని మాత్రం పారేయొద్దు, పీచుతో పాటు దాన్ని అంటుకున్న ఫినాల్స్ వాటిలోనే ఉండిపోతాయి. ఉప్పు వేయని పెరుగన్నంలో నంజుకోండి, బాగుంటాయి.