హక్ ఆ ఉత్తరం ఎందుకు చింపేశాడు?

"బానిసత్వం తప్పని హక్ గ్రహించాడు, అందుకే జిమ్‌ని పట్టివ్వలేదు" అని పరీక్షలో రాస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. మార్క్ ట్వెయిన్ 'హకల్‌బెరీ ఫిన్' (అమెరికాలో 1885లో అచ్చయింది) నవల మొత్తం వెతికినా హక్ అలా అనుకున్న చోటు దొరకదు. హక్ ఇల్లు వదిలి పారిపోయిన తెల్ల కుర్రాడు, జిమ్ యజమానురాలి దగ్గర్నుంచి తప్పించుకున్న నల్ల బానిస. ఇద్దరూ తెప్ప మీద మిసిసిపీ నదిలో పోతుంటారు. జిమ్ తప్పించుకోడానికి సాయపడటం పాపమనే హక్ నమ్ముతాడు. నమ్మి కూడా చేస్తాడు.

31వ అధ్యాయం ఒక్కటే చదివితే ఇది పట్టుబడదు. 15, 16, 31 వరసగా చదవండి. ఒక సాయంత్రం చాలు.

15లో పొగమంచు కమ్మి హక్ పడవ ఒకవైపు, జిమ్ తెప్ప ఒకవైపు కొట్టుకుపోతాయి. హక్ తిరిగొచ్చేసరికి జిమ్ మోకాళ్ల మధ్య తల వాల్చి, కుడి చెయ్యి చుక్కాని తెడ్డు మీద వేలాడేసి నిద్రపోతుంటాడు. రెండో తెడ్డు విరిగిపోయి ఉంటుంది, తెప్ప నిండా ఆకులూ కొమ్మలూ మట్టీ. అదంతా నీకొచ్చిన కలేనని హక్ నమ్మిస్తాడు. నిజం తెలిశాక జిమ్ ఆ చెత్త వైపు చూసి, స్నేహితుడి నెత్తిన దుమ్ము పోసి సిగ్గుపడేలా చేసేవాళ్లు కూడా చెత్తేనంటాడు. క్షమాపణ అడగడానికి హక్‌కి 15 నిమిషాలు పడుతుంది. ఒక నల్లవాడి ముందు తల వంచడం ఆనాటి మిస్సోరీ తెల్ల కుర్రాడికి ఎంత కష్టమో ఆ 15 నిమిషాలే చెబుతాయి. జవాబులో ఇది వదలొద్దు.

16లో ఒహాయో నది కలిసే కైరో ఊరు దగ్గరపడుతోందని, అక్కణ్ణుంచి బానిసత్వం లేని రాష్ట్రాలకి పోవచ్చని జిమ్ సంబరపడతాడు. డబ్బు కూడబెట్టి భార్యని కొనుక్కుంటానని, పిల్లల్ని వాళ్ల యజమాని అమ్మనంటే ఎవరిచేతనైనా ఎత్తుకొచ్చేలా చేస్తానని అంటాడు. హక్ నిర్ఘాంతపోతాడు. తనకే కీడూ చెయ్యని మనిషి సొత్తు పోతుందే అని బాధ! తండ్రి తన పిల్లల్ని తెచ్చుకోవడం హక్‌కి దొంగతనంగా కనిపిస్తోంది. ఊరూ చర్చీ చట్టమూ నూరిపోసిన ఈ మాటలనే హక్ తన మనస్సాక్షి అనుకుంటున్నాడు. పట్టిద్దామనే పడవేసుకుని బయల్దేరతాడు. తుపాకులతో ఇద్దరు ఎదురై, తెప్ప మీద ఉన్నది తెల్లవాడా నల్లవాడా అని అడిగితే మాత్రం నోరు పెగలదు. చివరికి "తెల్లవాడే" అంటాడు. జిమ్‌ని పట్టివ్వకుండా తప్పు చేశానని తర్వాత బాధపడతాడు.

ఇప్పుడు 31. జిమ్‌ని మోసగాళ్లు 40 డాలర్లకి అమ్మేశారు. వాడెక్కడున్నాడో వాడి యజమానురాలు మిస్ వాట్సన్‌కి హక్ ఉత్తరం రాస్తాడు, పాపం కడిగేసుకున్నట్టు హాయిగా ఉంటుంది. కాగితం పక్కన పెట్టి ఆలోచనలో పడతాడు, అదీ మలుపు. తనని లేపకుండా తన కాపలా వంతు కూడా జిమ్ కాయడం, పొగమంచులోంచి తిరిగొస్తే పొంగిపోవడం గుర్తొస్తాయి. న్యాయాన్యాయాల తర్కం ఒక్కటీ రాదు. కాగితం మళ్లీ చేతిలోకి తీసుకుంటాడు. చెయ్యి వణుకుతుంది, ఊపిరి బిగబట్టి ఒక నిమిషం. "సరే, నరకానికే పోతాను" అని చింపేస్తాడు. దీన్ని చాలామంది "మనస్సాక్షి గెలిచింది" అని రాస్తారు. ఓడిపోయింది మనస్సాక్షే, గెలిచింది స్నేహం.

చివరి పన్నెండు అధ్యాయాలు నాకు నచ్చవు. మిస్ వాట్సన్ వీలునామాతో జిమ్‌కి అప్పటికే స్వేచ్ఛ వచ్చింది. అది తెలిసి కూడా హక్ స్నేహితుడు టామ్ సాయర్ దాచిపెట్టి, తప్పించే నాటకం ఆడిస్తాడు. హక్ తెగింపు అక్కడ పలచబడిపోతుంది. మీకూ అలాగే అనిపిస్తే ధైర్యంగా రాయండి, కారణం చూపించండి.

తెలుగులో నండూరి రామమోహనరావు అనువాదం ఉంది, కథ పట్టుకోవడానికి ముందు అది చదవండి. ఆ మూడు అధ్యాయాలు మాత్రం జిమ్ యాస కోసం మూలంలోనే, బయటికి చదవండి.